అడగకూడని గొర్రెపిల్ల

మక్తల్ సంతలో "బీరమ్మ ఎక్కడుంటుంది?" అని అడిగితే "ఏ బీరమ్మ?" అని ఎదురు అడుగుతారు. బీరప్ప దేవుని పేరు పెట్టుకోని కురుమ ఇల్లు మా దిక్కున లేదు. "రష్యా బీరమ్మ" అంటే మాత్రం చేయి చూపించి మా ఊరి దారి చెబుతారు. ఆమె రష్యాకు పోలేదు. రైలు కూడా ఎక్కలేదు. కృష్ణా స్టేషన్ దాకా పోయి, మరిదిని బొంబాయి బండి ఎక్కించి, నడిచి తిరిగి వచ్చింది, అంతే. అయినా ఆ పేరు ఆమెకు నిలిచిపోయింది. ఆ పేరు వెనకాల ఏముందో చెప్పకపోతే నాకు మనసొప్పదు.

బీరమ్మ మగడు గుర్వయ్య పందొమ్మిది వందల యాభై అయిదులో పోయాడు. మందలో ఒక గొర్రె ఉన్నట్టుండి చచ్చిపోతే, తోలు పాడుచేయడం ఎందుకని దాన్ని ఒలిచాడు. మూడో రోజు మోచేతి కింద నల్లటి పొక్కు లేచింది. నొప్పి లేదు. "నొప్పి లేని పుండు దేవుని పుండు, అదే పోతది" అని నవ్వాడు. జ్వరం వచ్చాక బండి కట్టి మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి కంపౌండరు చేయి చూసి, "దొమ్మ రోగం తగిలిన గొర్రెను కోసిండు. జర ముందుగాల తెస్తే సూది ఉండె గదా" అన్నాడట. పక్కన నిలబడిన గుర్వయ్య తమ్ముడు మల్లప్పకు అప్పుడు పన్నెండేళ్ళు. ఆ మాట వాని చెవుల్లో పడింది.

బీరమ్మకు అప్పటికి ఇరవై నాలుగు. పిల్లలు లేరు. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు, పుట్టింటివాళ్ళు వచ్చి పిలిచారు కూడా. "అత్త ఒక్కతి మందను ఎట్ల కాస్తది? పిల్లగాని బడి ఏమయితది?" అని ఆమె కదలలేదు. అత్త గోవిందమ్మ నోటి దురుసు మనిషి, కానీ ఆ రాత్రి నుంచి తన పళ్ళెంలో అన్నం పెట్టుకునే ముందు కోడలి పళ్ళెం చూసేది. అలా ఏడేళ్ళు గడిచాయి. గొర్రెలు యాభై ఎనిమిది అయ్యాయి. మల్లప్ప మహబూబ్‌నగర్‌లో పీయూసీ పాసయ్యాడు. హైదరాబాద్‌లో డాక్టరు సీటుకు రాస్తే కొద్ది మార్కుల్లో తప్పింది.

అరవై రెండు ఎండాకాలంలో మక్తల్ బడి పంతులు వెంకటరాజం మా ఊరికి వచ్చాడు. ఆయన నారాయణపేట సాలెల ఇంటి మనిషి. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మజ్జిగ అయినా తాగకుండా ఒక కాగితం విప్పాడు.

"అవ్వా, మల్లప్పకు రష్యాల డాక్టరు చదువు దొరికింది. ఫీజు లేదు. ఉండనీకె జాగా వాళ్ళే ఇస్తరు. తిండికి నెలనెలా పైసలు గూడ వాళ్ళే ఇస్తరు."

గోవిందమ్మ ఆయన మొహం వైపు అనుమానంగా చూసింది. "పైసలు తీసుకోకుండ చదువు చెప్పెటోడు ఉంటడా సారూ? పిల్లగాన్ని పట్కపోయి ఆ మంచుల గొర్లు కాపిస్తరేమొ! గంత దూరం పోయి గొర్లు కాసుడెందుకు, ఈడ లేవా?"

"గొర్లు కాపియ్యరవ్వా. పేద దేశాల పిల్లల కోసమని వాళ్ళ సర్కారు చదివిస్తది. హైదరాబాద్‌ల సీటు వచ్చినా ఆరేండ్లు హాస్టలు, బుక్కులు, ఫీజు మనం కట్టలేం. లెక్క చూస్తే రష్యా దగ్గర, హైదరాబాద్ దూరం."

"మరి ఖర్చే లేదా?" అని బీరమ్మ మెల్లగా అడిగింది.

పంతులు అప్పుడు మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. "పోయే ఖర్చు మనదే చెల్లె. బొంబాయి రైలు, ఓడ టికెటు, చలికి ఉన్ని బట్టలు, కాగితాలు. పద్దెనిమిది వందలు అయితది. శ్రావణం లోపల కట్టాలె."

పద్దెనిమిది వందలు! మా ఊళ్ళో ఆ లెక్క నోటితో పలికినవాళ్ళే తక్కువ. షావుకారు ఇస్తానన్నాడు గానీ, మల్లప్ప చదువు ముగిసేదాకా ఇల్లు, రెండెకరాల రాళ్ళ చెలక తన పేర రాయమన్నాడు. బీరమ్మ మూడో రోజు మందను మేపుకొచ్చి దొడ్డిలో తోలి, అత్తతో అంది.

"మంద అమ్ముదామత్తా."

"ఎన్ని?"

"అన్ని."

గొర్రెలు లేని కురుమ ఇల్లు అంటే మాకు ఏమిటో చెప్పాలి. దొడ్డిలో ఎరువు ఉండదు, రైతులు పొలంలో మంద పెట్టించుకుని ఇచ్చే జొన్నలు ఉండవు, గొంగళ్ళకు ఉన్ని ఉండదు. పది మందిలో మాట ఉండదు. కూలికి పోవాలి. మల్లప్ప ఈ సంగతి విని గడపలోనే నిలబడిపోయాడు.

"మంద అమ్మి నేను పోను వదినె. మీరిద్దరు పత్తి చేన్ల కూలి చేస్తుంటె నేనాడ పరుపు మీద పండుకుంటనా?"

"పండుకోకు. చదువు," అంది బీరమ్మ. "మంద పోతె మళ్ళ వస్తది. ఈ కాగితం మళ్ళ వస్తదా? మనవాళ్ళవి ఇరవై రెండు ఇండ్లున్నయి. దొడ్డి ఉత్తగుంటె కులం చూస్తూ ఊకుంటదా?"

ఆమె ధైర్యమంతా ఆ చివరి మాటలో ఉంది. మా దిక్కు కురుమల్లో ఒక కట్టు ఉంది. ఒక ఇంటి మంద రోగం వచ్చో, కరువులోనో పోతే, ప్రతి ఇంటివాళ్ళూ ఒక్కొక్క ఆడ గొర్రెపిల్లను ఇస్తారు. దాన్ని నిలుపు పిల్ల అంటారు, ఇంటిని మళ్ళీ నిలిపేది గనుక. తెల్లవారకముందే వచ్చి, నుదుట పసుపు పెట్టిన పిల్లను ఆ దొడ్డిలో వదిలి, వెనక్కి చూడకుండా పోతారు. ఎవరు ఏది ఇచ్చారో అడగరు, అప్పు అనరు, తిరిగి ఇమ్మనరు. ఒకటే నియమం. దొడ్డివాళ్ళు నోరు తెరిచి అడగకూడదు. అడిగితే అది భిక్షం అయిపోతుంది. కురుమకు కురుమ భిక్షం వేయడు. ఆ ఇంటికి ఇక ఎవరూ పిల్లను ఇవ్వకూడదు.

ఇరవై రెండు ఇళ్ళు, ఇరవై రెండు పిల్లలు. నాలుగేళ్ళలో మంద మళ్ళీ నిండుతుంది. బీరమ్మ ఇదే నమ్ముకుంది.

సంతకు తోలేముందు గోవిందమ్మ ఒక్కొక్క గొర్రె వీపు మీద చేయి వేసి, చిటికెడు ఉన్ని పీకి కొంగున కట్టుకుంది. ఏడవలేదు. అన్ని గొర్రెలకూ కలిపి పదిహేడు వందల నలభై వచ్చాయి. మిగతా అరవై ఎట్లా అని అడిగితే, "ఆ కాగితాల రుసుము నేను మొన్ననే కట్టేసిన, ఇంక దాని ముచ్చటెందుకు" అని పంతులు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆయన జీతం అప్పటికి నూరు రూపాయలు ఉంటుందో లేదో.

శ్రావణంలో మల్లప్పను సాగనంపారు. స్టేషన్‌లో వాడు వదిన కాళ్ళ మీద పడబోతే, "లెవ్వు, బండి పోతది" అని భుజం పట్టి లేపింది. అంతకంటే పెద్ద మాటలు వాళ్ళ ఇంట్లో లేవు.

ఇక ఖాళీ దొడ్డి మిగిలింది. రోజూ తెల్లవారుజామున బీరమ్మ లేచి, దొడ్డికి అడ్డం పెట్టే తడకను పక్కకు తీసి, ఊడ్చి, నీళ్ళు చల్లి, గోడ పక్కన కూర్చునేది. ఎవరూ రాలేదు. భాద్రపదం పోయింది, ఆశ్వయుజం పోయింది. ఆమె, గోవిందమ్మ చేన్లలో కూలికి పోయారు. ఒకవేళ మంద చావలేదు, అమ్ముకుంది గదా అని కులం అనుకుంటోందేమో! ఆ అనుమానం ముల్లులా గుచ్చుకుని ఆమెను నిద్రపోనివ్వలేదు.

కార్తీకంలో ఒక ఆదివారం బీరప్ప గుడి దగ్గర అందరూ కూడారు. పూజ అయ్యాక ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. మధ్యలో కులపెద్ద కాటమయ్య. పొరుగింటి అండాలు ఎప్పుడూ ఏదో ఒకటి అనందే ఉండలేని మనిషి.

"ఏమె బీరమ్మా, పొద్దుగాల్నె దొడ్డి తడక తీసి కూసుంటవంట. గాలిని తోలుకొచ్చి కట్టేస్తున్నవా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో విషం లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ మూడు నెలలుగా ఎదురుచూసిన మనిషికి అది తెలియదు. బీరమ్మ లేచి నిలబడింది.

"కాటమయ్య మామా! నా దొడ్డి ఉత్తగున్నది. ఇరవై రెండు ఇండ్లల ఒక్కలకు గూడ కనవడ్తలేదా? రోగమొస్తేనే ఇస్తరా? నాకు నిలుపు పిల్లలు ఎందుకు ఇయ్యరు?"

గోవిందమ్మ నుదురు కొట్టుకుంది. కాటమయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఎందుకడిగినవు బిడ్డా?" అన్నాడు. "ఈ ఏడు గొర్ల ఈతలు ఇప్పుడే మొదలాయె. పిల్లలు పాలు మరవాలె, గడ్డి కొరకాలె. తల్లి కింది పిల్లను తెచ్చి నీ దొడ్డిల వదిల్తె బతుకుతదా? మాఘం దాక ఆగకపోతివి."

అండాలు ఎవరి వైపూ చూడకుండా లేచి వెళ్ళిపోయింది. తర్వాత తెలిసింది. ఆమె దొడ్డిలో వారం కిందట పుట్టిన ఆడ గొర్రెపిల్లలన్నిటిలోకీ బలమైన దాని మెడకు అప్పటికే పసుపు దారం కట్టి ఉంది, బీరమ్మ కోసమని. అట్లాంటి దారాలు ఆ ఊళ్ళో ఇంకా ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో దేవునికే తెలుసు.

బీరమ్మకు ఈ లెక్క తెలియనిది కాదు. మంద ఉన్న రోజుల్లో ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో వేళ్ళ మీద చెప్పేది. కానీ రోగాలు సాధారణంగా ఎండాకాలం ముందర వస్తాయి, అప్పటికి ఇవ్వడానికి పిల్లలు సిద్ధంగా ఉంటాయి. ఆషాఢంలో మంద అమ్ముకున్నవాళ్ళు అంతకుముందు లేరు. ఖాళీ దొడ్డి ముందు కూర్చున్నవాళ్ళకు తెలిసిన లెక్కలు కూడా తప్పిపోతాయి.

ఆ రోజు ఇంటికి వచ్చాక గోవిందమ్మ తిట్టలేదు. అదే బీరమ్మకు ఎక్కువ బాధ. రొట్టె చేసి, వేడివేడిది కోడలి పళ్ళెంలో వేసి, "తిను. నోరున్నది అడిగెతందుకే కాదు, తినెతందుకు గూడ" అంది. ఇద్దరూ నవ్వారు, తర్వాత ఏడ్చారు.

పది రోజులకు కాటమయ్య వచ్చాడు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు. దొడ్డి దగ్గరే నిలబడి చేతికర్రతో మట్టిని గీకుతూ మాట్లాడాడు.

"అడిగిన ఇంటికి నిలుపు పిల్లను ఇయ్యరాదు. అది తప్పదు బిడ్డా. ఇయ్యాల నేను దాటితె రేపు ఇంకోడు దాటుతడు. కట్టు పోతది."

"నేను మళ్ళ అడగను మామా. తప్పు నాదే."

"నువ్వు అడగకు. నేను అడుగుతున్న," అన్నాడు కాటమయ్య. "నాయి రెండు గొర్లు ముసలియి. మందతోటి నడుస్తలేవు. పాలుకు కాస్తవా?"

పాలుకు కాయడమంటే, గొర్రెలు సొంతదారువే. కాసేవాళ్ళు ఏడాదంతా మేపుతారు, రోగం నొప్పి చూసుకుంటారు. పుట్టిన పిల్లల్లో సగం సొంతదారుకు, సగం కాసినవాళ్ళకు. పంచుకునే రోజున సొంతదారు ముందు ఎంచుకుంటాడు. ఇందులో దానం లేదు, భిక్షం లేదు. కష్టానికి కూలి ఉంది.

బీరమ్మ ఆయన మొహంలోకి చూసింది. ముసలి గొర్రెలు అన్నాడు గానీ మరునాడు ఆయన తోలిన రెండూ మూడేళ్ళవి. తర్వాత ఒక్కొక్క ఇంటి నుంచి ఒకటి, రెండు వచ్చాయి. "మా దొడ్డి ఇరుకైంది" అని ఒకరు, "మా పిల్లగానికి జ్వరం, కాసేటోడు లేడు" అని ఒకరు. అండాలు తన గొర్రెను తోలి తడక పట్టుకుని, "ఇది పొడుస్తది, జాగ్రత్త" అని మాత్రం అంది. అది జన్మలో ఎవరినీ పొడిచిన గొర్రె కాదు. మొత్తం ముప్ఫై ఒకటి అయ్యాయి.

ఎండాకాలంలో మా మెట్ట నేలల్లో గడ్డి ఉండదు. మందలన్నీ అమ్రాబాద్ అడవుల వైపు పోతాయి. అప్పటిదాకా ఆ నడకకు ఆడవాళ్ళు పోయేవాళ్ళు కారు. గుర్వయ్య పోయిన తర్వాత బీరమ్మ మందను కూడా మగవాళ్ళే తోలుకుపోయేవారు. కానీ పాలు గొర్రెలను ఇంకొకరి చేతిలో పెట్టరాదు. హోళీ వెళ్ళాక బీరమ్మ గొంగడి భుజాన వేసుకుని, కాటమయ్య మంద వెనక నడిచింది. "రష్యాకు మరిదిని తోలింది, అడివికి తనే తోలుకపోతాంది" అని కొత్తకోట దారిలో ఎవరో ఎగతాళి చేస్తే, "నువ్వు జర దారి ఇడిస్తె నీ ముందర నుంచే పోత" అని జవాబిచ్చిందట. అడవి అంచున ఒక చెంచు ముసలామె ఆమెను చూసి, ఏమీ అడగకుండా చేయి పట్టుకుని తీసుకుపోయి, బండల సందున నీళ్ళ ఊట చూపించింది. ఆ ముసలామె పేరు అడగడం మరచిపోయానని బీరమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ పేరు తెలియని మనిషికి కూడా దండం పెట్టుకుంటుంది.

మల్లప్ప ఉత్తరాలు రెండు నెలలకొకటి వచ్చేవి. వెంకటరాజం చదివి వినిపించేవాడు. మొదటి ఏడాదంతా భాష నేర్చుకుంటున్నానని, మూత్రం పోస్తే గడ్డకట్టే చలి అని, తోటి పిల్లలు మంచివాళ్ళని రాశాడు. మంద ఎట్లా ఉందని ప్రతి ఉత్తరంలో అడిగేవాడు. "మంద బాగున్నదని రాయి సారూ" అని బీరమ్మ చెప్పేది. ఎవరి మందో చెప్పేది కాదు. చెబితే వాడు చదువు విడిచి తిరుగు ఓడ ఎక్కుతాడని ఆమెకు భయం.

వాడు ఏడేళ్ళకు, అరవై తొమ్మిదిలో డాక్టరై వచ్చాడు. ఇప్పుడు నల్లగొండ దిక్కు ఒక సర్కారు దవాఖానలో పనిచేస్తున్నాడు. గొర్రెల కాపరులు వస్తే ముందుగా వాళ్ళ చేతులు తిప్పి చూస్తాడని చెబుతారు. అది జనానికి తెలిసిన సంగతే. తెలియనిది ఇంకొకటి ఉంది. అది అరవై నాలుగు మాఘంలో, మొదటి పంపకం రోజున నేను కళ్ళారా చూసినది.

ముప్ఫై ఒక్క గొర్రెలకు ఆ ఏడు ఇరవై ఎనిమిది పిల్లలు నిలిచాయి. అడవి నడకలో మూడు పెద్ద గొర్రెలు చచ్చిపోయాయి. అందులో బీరమ్మ తప్పు లేదు, ఆమె మాత్రం ఆ మూడింటికీ బదులు తన వంతు పిల్లల్లోంచి తీసుకొమ్మంది, ఎవరూ ఒప్పుకోలేదు. పంపకానికి పద్నాలుగు పిల్లలు సొంతదారులవి, పద్నాలుగు బీరమ్మవి. ఒక్కొక్క ఇంటికి విడిగా సగం రాదు గనుక, రెండు మూడు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకరి పేర ఎంచాలని కాటమయ్య చెప్పాడు. పిల్లలన్నిటినీ దొడ్డి మధ్యకు తోలారు. గుడి పూజారి కొబ్బరికాయ కొట్టాడు. బీరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. వాళ్ళు మంచివన్నీ ఎంచుకుంటే, మిగిలే బక్క పిల్లల్లో సగం వానాకాలం దాటవు. మంద నిలవదు. మళ్ళీ ఇంకో ఏడు, మళ్ళీ ఇంకో ఏడు పాలుకే కాయాలి.

ముందు అండాలును పిలిచారు. ఆమె దొడ్డిలోకి దిగి, ఒక్కొక్క పిల్ల మూతి పట్టి, పళ్ళు చూసి, వెన్ను నొక్కి చూసింది. నల్లగా, వెడల్పు రొమ్ముతో ఉన్న పిల్ల ఒకటి ఆమె కాళ్ళకు వచ్చి తగిలింది. దాన్ని మోకాలితో పక్కకు నెట్టింది. మూలన ముక్కు కారుతూ నిలబడిన ఒక బక్కదాన్ని ఎత్తి చంకలో పెట్టుకుంది.

"అది వద్దు లేవె, చూసి తీసుకో," అన్నాడు ఎవరో.

"నా గొర్రె, నా ఇష్టం. దీని మొకం అచ్చం మా ఆయన మొకం లెక్కున్నది, దీన్నే సాదుకుంట."

దొడ్డి చుట్టూ నవ్వులు. తర్వాత వచ్చినవాడు కుంటుతున్న దాన్ని ఎంచాడు. ఆ తర్వాతివాడు చెవి చీలినదాన్ని. ఒకాయన చాలాసేపు వెతికి, తీరా అందరికంటే ఆఖరున పుట్టినదాన్ని, నిలబడలేనిదాన్ని ఎత్తుకున్నాడు. కాటమయ్యకు కోపం వచ్చినట్టుంది.

"కురుమ పుట్టుక పుట్టి పిల్లను ఎంచుడు రాదుర మీకు? తాతలు నేర్పిందంతా ఏట్ల కలిపిండ్రా? జరగుండ్రి, నేను చూపిస్త!"

ఆయన కర్ర పక్కన పెట్టి లోపలికి వెళ్ళాడు. అందరూ చూస్తుండగా మందంతా కలియదిరిగి, ఒక కన్ను మసకగా ఉన్న పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు.

పద్నాలుగు పిల్లలు దొడ్డి దాటాయి. దొడ్డిలో మిగిలినవి పద్నాలుగు, అన్నీ ఎంచి పెట్టినట్టు. అన్నింటి ముందు ఆ నల్లది. ఇచ్చేవాళ్ళకు ఇవ్వడానికి వీలులేదు, తీసుకునేవాళ్ళకు అడగడానికి వీలులేదు. తప్పుగా ఎంచుకోవడానికి మాత్రం ఏ కట్టూ అడ్డం లేదు.

బీరమ్మ రెండడుగులు ముందుకు వేసి ఏదో అనబోయింది. గోవిందమ్మ ఆమె మోచేయి గట్టిగా గిల్లింది. దండం పెట్టినా, మేలు చేసిండ్రని ఒక్క మాట అన్నా, అది దానమైపోతుంది. కట్టు ఎదురొస్తుంది. పిల్లలు వెనక్కి పోవాలి.

బీరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అండాలు చంకలోని పిల్ల వైపు చూసింది.

"అండాలక్కా, అది ఇంక పాలు మరవలేదు. పొద్దూమాపు మేకపాలు పట్టు. ముక్కుకు వేపాకు పొగ వెయ్యి."

అండాలు అప్పటికే దొడ్డి దాటింది. వెనక్కి తిరగకుండానే అరిచింది.

"నాకు చెప్తున్నవానె గొర్లు సాదుడు? నీ పద్నాలుగు జాగ్రత్తగ చూసుకో, ఫో!"